కట్టమంచి రామలింగారెడ్డి: పదవులు, ప్రసంగములు, పరిత్యాగములు

చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి ఒకప్పుడు చిన్న పల్లె. నేడు అది పట్టణములో కలిసిపోయినది. తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి మాత్రము ఆ ఊరి పేరు ఒక మహనీయుని ఇంటిపేరుగానే పరిచితము. ఆయన డాక్టర్ సర్ కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్. రెడ్డి అన్న పొట్టి పేరుతో మద్రాసు రాజధాని అంతటను ప్రఖ్యాతి గాంచినవారు.

మన విద్యార్థులు ఆయనను ‘ముసలమ్మ మరణము’ వ్రాసిన కవిగా ఎరుగుదురు. మరికొందరు ‘కవిత్వతత్త్వ విచారము’ రచించిన విమర్శకునిగా ఎరుగుదురు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి వైస్ ఛాన్సలరుగా విన్నవారును ఉందురు. కాని ఆయన శాసనమండలి సభ్యులనియు, మన దేశ శాసనసభల చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానమును ప్రవేశపెట్టినవారనియు తెలిసినవారు తక్కువ. ఆనాటి మద్రాసు శాసనమండలి చర్చల సంపుటములలో ఆయన ప్రసంగములు అచ్చయి భద్రముగా ఉన్నవి. వాటిని తెరచి చూచువారే అరుదు. ఈ వ్యాసమున మేము ఆయన జీవితమును రాజకీయ ప్రసంగముల వైపునుండి పరిశీలింప దలచినాము. ఆయన పలుకును తూచుటకు ఆయన పదవీ త్యాగములకంటె మంచి తూనికరాయి లేదని మా అభిప్రాయము.

బాల్యము – విద్య

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10వ తేదీన జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానముగా ఉండెడిది. 1911లో గాని మన జిల్లా వేరుపడలేదు. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే ఈ ప్రాంతమున పుట్టిన బాలునికి పలు భాషల మధ్య మెలగుట చిన్ననాటనే అలవడి ఉండుననుటలో సందేహము లేదు. తరువాతి కాలమున ఆయన కన్నడ దేశమున పనిచేసినను, తెలుగు దేశమున పనిచేసినను పరాయివానివలె కనబడకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

చిత్తూరులో పాఠశాల విద్య ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. విలియం మిల్లరు దొరగారు ఆ కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉండిన కాలమది. కళాశాలలోని తెలుగు సంఘము 1899లో కావ్యరచనకు పోటీ పెట్టినది. పందొమ్మిదేండ్ల రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ వ్రాసి బహుమతి పొందారు. ఇతివృత్తము మన రాయలసీమదే. అనంతపురమునకు సమీపమున ఉన్న బుక్కరాయసముద్రము చెరువుకు గండి పడబోగా ఊరిని కాపాడుటకై ముసలమ్మ అను ఇల్లాలు తన ప్రాణమును అర్పించిన కథ అది. రాజుల కథలు, దేవతల కథలు విడిచి ఒక పల్లెటూరి కోడలిని కావ్యనాయికగా నిలుపుట ఆనాటికి క్రొత్త. ఆధునిక ఖండకావ్యములకు ఇదియే తొలి అడుగని పలువురు విమర్శకులు అంగీకరించారు. పదిమంది మేలుకొరకు ఒకరు తమ సొత్తును వదులుకొనుట అను భావము ఆ యువకుని మనస్సున అప్పటికే నాటుకొనియుండెనని మనము గ్రహింపవచ్చును.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనముపై ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర అభ్యసించారు. అక్కడి విద్యార్థుల వాదసభ అయిన కేంబ్రిడ్జి యూనియన్ ఇంగ్లండు పార్లమెంటుకు శిక్షణశాలవంటిది. రేపటి మంత్రులు, న్యాయమూర్తులు అక్కడ వాదనలు నేర్చుకొనెడివారు. అటువంటి సభకు ఉపాధ్యక్షునిగా ఎన్నికైన మొదటి భారతీయుడు మన చిత్తూరు యువకుడు. పాలించు జాతి బిడ్డలు పాలితుల బిడ్డను ఓటు వేసి ఎన్నుకొనిరనగా అది కేవలము మాట చాతుర్యమునకు లభించిన గౌరవము. గోఖలే మహాశయుడు ఇంగ్లండునకు వచ్చినపుడు ఆయనతో కలిసి భారతదేశ పక్షమున ప్రచారము చేయు అవకాశము కూడ ఆయనకు దక్కినది.

మైసూరులో విద్యాసేవ

స్వదేశమునకు తిరిగి వచ్చిన పిదప బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఆయనను తమ కళాశాలకు పిలిపించుకొన్నారు. అంతకు పూర్వము అరవిందులు నిర్వహించిన వైస్ ప్రిన్సిపాలు స్థానమే ఆయనకు లభించినది. కొలది కాలము తరువాత మైసూరు మహారాజా కళాశాలలో చరిత్ర ఆచార్యులై, పిమ్మట దానికి ప్రధానాచార్యులైనారు.

మైసూరు విశ్వవిద్యాలయము 1916లో ఏర్పడినది. ఒక స్వదేశ సంస్థానమున స్థాపింపబడిన మొదటి విశ్వవిద్యాలయము ఇదియే. దానికి పునాదిగా నిలిచినది అమెరికా, ఆస్ట్రేలియా దేశముల విద్యాభివృద్ధిపై రామలింగారెడ్డి, థామస్ డెన్హాం అనువారు సమర్పించిన నివేదిక. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభువుగాను, మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగాను ఉన్న ఆ రోజులలో మైసూరు కొలువున మన జిల్లావాని మాటకు ఎంతటి విలువ ఉండెనో దీనివలన తెలియగలదు.

1918 నుండి 1921 వరకు ఆయన మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. అస్పృశ్యులని నెట్టివేయబడిన వర్గముల పిల్లలకు సర్కారు బడుల తలుపులు తెరువవలెనను విధానమునకు ఆయన అండగా నిలిచారు. అదే కాలమున మైసూరులో ఉద్యోగములు ఒకే వర్గము చేతిలో ఉండుటను గూర్చి గొప్ప ఆందోళన లేచినది. 1918లో సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడినది. వెనుకబడినవిగా ఆ సంఘము పరిగణించిన వర్గములలో ముస్లింలు కూడ ఉన్నారు. ఈ ఉద్యమమునకు రామలింగారెడ్డి ఆలోచన, ప్రోత్సాహము తోడైనవి. చదువులోను, కొలువులోను వెనుకబడినవారికి ప్రత్యేకముగా చేయూతనీయవలెనను సూత్రము దక్షిణదేశమున వ్రేళ్ళూనిన తొలి తావులలో మైసూరు ఒకటి. ఒక అల్పసంఖ్యాక వర్గపు కళాశాలలో కూర్చుండి చదువుకొను మనము ఈ సంగతిని మరువరాదు.

1921లో ఆయన ఆ పెద్ద ఉద్యోగమును వదలుకొన్నారు. వయస్సు నలుబది. జీతము, పరపతి, మహారాజు ఆదరణ అన్నియు ఉన్నవి. వాటినన్నిటిని విడిచి రాజకీయములలో ప్రవేశించుటకు మద్రాసు రాజధానికి తిరిగివచ్చారు. ఇది మొదటి పరిత్యాగము.

శాసనమండలిలో

1919 నాటి చట్టముతో రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము ఏర్పడినది. ఆర్థికము, శాంతిభద్రతలు మొదలగు బరువైన శాఖలు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల చేతిలోనే ఉండిపోయినవి. విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలనము వంటివి మాత్రము మంత్రులకు అప్పగింపబడినవి. అనగా మంత్రులకు పని ఉన్నది, డబ్బుపై పెత్తనము లేదు. మద్రాసు శాసనమండలిలో ఎన్నికైన సభ్యులు 98 మంది. అందు 13 స్థానములు ముస్లింలకు ప్రత్యేకింపబడినవి. వీరుగాక ప్రభుత్వోద్యోగులు, నియమిత సభ్యులు కూడ ఉండి ఓటు వేసెడివారు.

1920 ఎన్నికలలో జస్టిస్ పక్షము గెలిచినది. 1921 జులైలో పానగల్లు రాజా ప్రథమ మంత్రి అయ్యారు. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు. జన్మస్థలము కాళహస్తి. బ్రాహ్మణేతరులకు, ముస్లింలకు, ఇతర వర్గములకు ప్రభుత్వోద్యోగములలో పాలు కల్పించు ఉత్తరువు 1921లో ఆయన ప్రభుత్వ కాలముననే వెలువడినది.

రామలింగారెడ్డి కూడ జస్టిస్ పక్షముననే చేరారు. వెనుకబడిన వర్గముల ఉద్ధరణ విషయమున ఆ పక్షపు ఆశయము ఆయనకు సమ్మతమే. కాని ఆశయము వేరు, దాని పేరిట అధికారము నడపు తీరు వేరు. మంత్రులు తమ పక్షమువారి మాటనైనను వినక ఏకపక్షముగా వ్యవహరించుచున్నారన్నది పక్షమునుండి చీలినవారి ప్రధానాభియోగము. వారికి రామలింగారెడ్డి నాయకులైనారు. 1923 ఎన్నికలలో జస్టిస్ పక్షము మరల అధికారమునకు వచ్చినను దాని బలము తగ్గినది.

క్రొత్త మండలి సమావేశమైన వెంటనే, 1923 నవంబరు 27న, రామలింగారెడ్డి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించారు. మన దేశమున ఒక శాసనసభలో అట్టి తీర్మానము వచ్చుట అదియే ప్రథమము. అంతకు మునుపు పాలకులు సభకు జవాబుదారులే కారు. ఇక తీర్మానమునకు చోటెక్కడిది? క్రొత్త చట్టము సభకు ఇచ్చిన చిన్న ఆయుధమును ఆయన మొదటిసారి ఒరనుండి తీసి చూపించారు. మరునాడు ఓట్లు లెక్కించగా తీర్మానమునకు అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 వచ్చినవి. తీర్మానము వీగిపోయినది. పానగల్లు రాజా 1926 వరకు ప్రథమ మంత్రిగా కొనసాగినారు.

ఇచ్చట మనము ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. మద్రాసు నగరమున, తెల్లదొర గవర్నరుగా ఉండగా, రాజధాని సమస్తమునకు చెందిన సభలో ప్రభుత్వమును నడపువాడు కాళహస్తివాడు. ఆ ప్రభుత్వమును నిలదీయువాడు చిత్తూరువాడు. ఇద్దరును తెలుగువారు, ఇద్దరును విద్యాధికులు, ఇద్దరును ఒకే ఆశయమునుండి బయలుదేరినవారు. వారి వైరము కత్తులతో, కక్షలతో సాగలేదు. అది ప్రసంగములతో మొదలై ఓట్ల లెక్కతో ముగిసినది. ఓడినవాడు ఆ లెక్కను శిరసావహించినాడు. రాయలసీమ అనగానే ముఠాకక్షలను తలచువారికి మనము ఈ రెండు రోజుల చర్చను చూపింపవచ్చును.

ఆంధ్ర విశ్వవిద్యాలయము

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను కోరిక 1926లో నెరవేరినది. దానికి సంబంధించిన బిల్లును సభలో ప్రవేశపెట్టినది పానగల్లు మంత్రివర్గములోని విద్యామంత్రి ఎ.పి. పాత్రో. ఆ ప్రభుత్వము సృష్టించిన విశ్వవిద్యాలయమునకే, మూడేండ్లకు మునుపు ఆ ప్రభుత్వమును పడద్రోయుటకు ప్రయత్నించిన రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఆనాటి రాజకీయములలో విభేదమునకు, యోగ్యతకు మధ్య ఒక గీత ఉండెడిదని దీనివలన తెలియుచున్నది.

విశ్వవిద్యాలయము మొదట బెజవాడలో పుట్టి, తరువాత వాల్తేరునకు తరలినది. కేంద్రస్థానమును గూర్చి జిల్లాకు జిల్లాకు మధ్య తగవు నడచినది. వాల్తేరు మనకు మిక్కిలి దూరము. మద్రాసు చేరువ. రాయలసీమ ప్రాంతపు కళాశాలలు చివరకు మద్రాసు విశ్వవిద్యాలయముతోనే ఉండిపోయినవి. కనుక ఒక వింత స్థితి ఏర్పడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమును నిర్మించినది చిత్తూరు బిడ్డ. ఆ విశ్వవిద్యాలయమున చిత్తూరు జిల్లాకే చోటు లేకపోయినది. 1937 నవంబరులో మద్రాసున కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికయందు అనంతపురమున ఒక విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెనని వ్రాసుకొనుటకు వెనుక ఈ బాధ ఉన్నది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినపుడు గాని ఈ కొరత తీరలేదు. అప్పటికి రామలింగారెడ్డి గతించి మూడేండ్లైనది.

1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమంతట సాగినది. ప్రభుత్వము దానిని లాఠీలతో, చెరసాలలతో అణచివేయ బూనినది. ఆ దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి వైస్ ఛాన్సలరు పదవికి రాజీనామా చేశారు. ఆయన సత్యాగ్రహి కారు, చెరసాలకు వెళ్ళినవారు కారు. తన చేతిలో ఉన్న వస్తువు పదవి ఒక్కటే. దానిని తిరిగి ఇచ్చివేశారు. నాలుగేండ్లు పెంచిన పసికూనవంటి సంస్థను వదలివచ్చుట తేలిక కాదు. ఉద్యోగము ఒకటి, పక్షము రెండు, పదవి మూడు. ఇది మూడవ పరిత్యాగము.

ఉత్తరార్ధము

ఆయన తరువాత ఆ పీఠమును సర్వేపల్లి రాధాకృష్ణన్ అలంకరించారు. ఆయన బాల్యమున తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకొన్నవారు. వాల్తేరు విశ్వవిద్యాలయపు మొదటి ఇద్దరు అధిపతులకును మన మండలముతో సంబంధము ఉండుట మనకు గర్వకారణము. 1936లో రాధాకృష్ణన్ వెళ్ళిపోగా రామలింగారెడ్డి మరల వైస్ ఛాన్సలరై 1949 వరకు, అనగా పదమూడేండ్లు, ఆ భారమును మోశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినవి. విశ్వవిద్యాలయమును తాత్కాలికముగా గుంటూరునకు తరలింపవలసి వచ్చినది. పుస్తకములు, పరికరములు, విద్యార్థులు ఒక ఊరినుండి మరియొక ఊరికి మారిన ఆ కష్టకాలమున సంస్థ చెదరిపోకుండ నిలిచినది.

ఈ కాలమునకు చెందిన ఒక సంగతిని దాచిపెట్టి జీవితచరిత్ర వ్రాయుట న్యాయము కాదు. 1942లో బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము ఇచ్చినది. ఆయన స్వీకరించారు. అదే సంవత్సరము ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము లేచినది. 1930లో పదవిని త్యజించినవారు 1942లో బిరుదమును గ్రహించుట ఏమి అని ఏ విద్యార్థియైనను అడుగవచ్చును. అడుగుట ధర్మమే. అప్పటికి ఆయన కాంగ్రెసు మంత్రివర్గపు పాలనను కూడ నిశితముగా విమర్శించియుండిరి. ఏ పక్షమునకును పూర్తిగా ఒదుగలేని స్వభావము ఆయనది. ఆ స్వభావము ఆయనకు స్వాతంత్ర్యమునిచ్చినది, దానితోపాటు ఏకాంతమును కూడ ఇచ్చినది. అంత ప్రతిభ ఉండియు ఆయన ఎన్నడును మంత్రి కాలేదు. వెంట నడచు పక్షమును నిర్మించుకొనలేదు. వివాహము కూడ చేసికొనలేదు. రాజీనామా వలన నిరసన తెలుపవచ్చును గాని, రాజ్యమును నడపుటకు పదిమందిని కలుపుకొను ఓర్పు కూడ కావలెను. ఆ ఓర్పు ఆయన రాజకీయములలో కంటె విశ్వవిద్యాలయ నిర్మాణములో ఎక్కువగా కనబడినది.

1949లో మైసూరు విశ్వవిద్యాలయము ఆయనను ప్రో ఛాన్సలరుగా ఆహ్వానించినది. యౌవనమున ఏ సంస్థకు పునాదిరాయి వేసెనో, వార్ధక్యమున ఆ సంస్థ నీడనే చేరారు. 1951 ఫిబ్రవరి 24న పరమపదించారు.

ఆయన ప్రసంగరీతి

ఆయన శాసనమండలి ప్రసంగములు ఆంగ్లమున సాగినవి. వానికి మూడు గుణములు చెప్పవచ్చును. మొదటిది చరిత్రజ్ఞానము. ఏ చిన్న పద్దు చర్చకు వచ్చినను ఇతర దేశముల అనుభవమును ప్రక్కన నిలిపి చూపగలరు. రెండవది హాస్యము. ఆయన వ్యంగ్యము ప్రత్యర్థిని కూడ నవ్వించును, ఇంటికి పోయిన పిదప ఆలోచింపజేయును. మూడవది క్లుప్తత. పెద్ద విషయమును చిన్న వాక్యమున బిగించు నేర్పు ఆయనది.

ఈ మూడు గుణములును ఆయన తెలుగు విమర్శయందు కూడ కనబడును. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ఆయన పరీక్షించిన తీరును చూడుడు. పూర్వకవి అనగానే చేతులు జోడించు అలవాటును పక్కన పెట్టి, కథాకల్పన ఎట్లున్నది, పాత్రలు సజీవముగా ఉన్నవా అని ప్రశ్నించారు. ప్రశంసకు అర్హమైన చోట మనసారా ప్రశంసించారు. లోపము తోచిన చోట నిర్మొగమాటముగా చెప్పారు. కావ్యమును చూచిన ఆ కంటితోనే మంత్రివర్గమును చూచారు. సాహిత్య విమర్శకుడు, శాసనసభ్యుడు అని ఆయనను రెండు ముక్కలుగా చేయుట సరికాదు. ఇద్దరును ఒక్కరే.

ముగింపు

ఏలూరులో 1945లో స్థాపింపబడిన కళాశాల ఆయన పేరు ధరించినది. వాల్తేరులో పట్టములు ప్రదానము చేయు మందిరము ఆయన పేరనే ఉన్నది. చిత్తూరు మండలము మద్రాసు సభకు ప్రథమ మంత్రిని ఇచ్చినది, ఆ మంత్రిని నిలదీసిన నాయకుని ఇచ్చినది. తరువాతి తరమున తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారిని లోక్‌సభకు స్పీకరుగా ఇచ్చినది. అధికారపక్షము, ప్రతిపక్షము, సభాపతి అను మూడు స్థానములకును మనవారు తగియుండిరి. 2022లో జిల్లా విడిపోయి కాళహస్తి తిరుపతి జిల్లాలోను, కట్టమంచి చిత్తూరు జిల్లాలోను ఉండిపోయినవి. చరిత్రకు మాత్రము ఆ సరిహద్దు లేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మన కళాశాలలో ఏటేట ఉర్దూ, తెలుగు భాషలలో వక్తృత్వపు పోటీలు జరుగుచున్నవి. కంఠము బాగున్నదని, భాష బాగున్నదని బహుమతులు ఇచ్చుచున్నాము. అవి ఈయదగినవే. కాని చప్పట్లు చల్లారిన పిదప ఆ మాటకు ఎంత విలువ కట్టవలెనన్నది వేరు ప్రశ్న. రామలింగారెడ్డి జీవితము దానికి ఒక సమాధానము చూపుచున్నది. చెప్పిన మాటకొరకు మన చేతిలో ఉన్నదానిలో ఎంత వదలుకొనగలమో అంతయే ఆ మాట విలువ. 44 ఓట్లతో ఓడిపోయిన ప్రసంగము నూరేండ్లు దాటినను స్మరింపబడుచున్నదనగా, వినువారి సంఖ్యకంటె చెప్పినవాని నిజాయితీయే బలమైనదని మనము తెలిసికొనవలెను.

కళాశాల పాలకవర్గమువారికి కూడ మాదొక విన్నపము. మన గ్రంథాలయమున కావ్యములు, నిఘంటువులు ఉన్నవి. శాసనసభల చర్చలకు సంబంధించిన గ్రంథములకు కూడ ఒక బీరువా కేటాయించినచో బాగుండును. ఓటు హక్కు పొందబోవు పిల్లలు తమ ప్రాంతపు పెద్దలు సభలో ఎట్లు వాదించిరో, ఎట్లు ఓడిరో, ఓడి ఎట్లు నిలిచిరో స్వయముగా చదువుకొందురు గాక.